జవాబులు లేని లెక్కల పుస్తకం

ప్రభువునందు ప్రియ సహోదరీ సహోదరులారా, మన బాన్సువాడ సంఘంలో ఏళ్ల తరబడి ఆదివారం వాక్యం చదివిన నా గొంతు ఒక వేసవిలో మూగబోయింది. స్వరపేటికలో గడ్డలు కట్టాయనీ, మాట పూర్తిగా మానకపోతే గొంతు ఇక తిరిగి రాదనీ దవాఖానలో డాక్టరు గారు చెప్పినప్పుడు నేను పడిన వేదన దేవునికే ఎరుక! ప్రైవేటు బడిలో లెక్కల మాస్టరుగా పనిచేసిన నాకు పింఛను లేదు. ఇంటి వద్ద చెప్పే ట్యూషనే మా దంపతులకు ఆధారం, గొంతుతోపాటు అదీ ఆగిపోయింది.

అప్పుడు ప్రభువు మా కూతురు మేరీ నోట ఒక మార్గం చూపించాడు. "బాపూ, పదో తరగతి లెక్కలు ఒక్కసారి నీ చేతిరాతతోని రాసియ్యి. నేను ఫోన్ల చదువుకునే పుస్తకం తీరుగ చేసి అమ్మకానికి పెడ్త. ఇగ నువ్వు నోరు తెరిచే పనే ఉండది" అన్నది.

రాశాను. అయితే సహోదరులారా, నేను ప్రాణప్రదంగా ఎంచిన క్రమశిక్షణే నాకు ఉచ్చు అయింది! జవాబులిస్తే పిల్లలు చూసి రాస్తారని ఒక్క జవాబూ ఇవ్వక, "చేసిన లెక్కలను ఫోటో తీసి పంపుడు, దిద్ది పంపెదను" అని చివర నా నంబరు వేయించాను. ఇక బీర్కూర్ నుండి, రుద్రూర్ నుండి, పెద్ద కొడప్‌గల్ నుండి ఫోటోలే ఫోటోలు! తప్పు కనబడితే ఊరకుండలేక, రాసి పంపితే అర్థం కాదేమోనని మాట రికార్డు చేసి పంపుతూ, మిగిలిన కాస్త గొంతునూ అరగదీసుకున్నాను.

ఒక ఆదివారం ఆరాధన జరుగుతుండగానే బైబిలు చాటున ఫోను పెట్టుకుని దిద్దుతున్నాను. ఇంటికి వస్తూ నా భార్య రూతమ్మ అన్నది: "ఏంది సారూ, దేవుని మందిరంల గూడ లెక్కలేనా? నువ్వు దిద్దకుంటే పోరగాండ్లు ఆగమైతరా? నాకు నీ గొంతు గావాలె. తిట్టే గొంతైనా సరే, గదే గావాలె."

ఆ మాటకు నా గుండె కరిగింది. ఇంట్లో మోకరించాను, పెదవులు కదిలాయే కాని శబ్దం రాలేదు. "ప్రభువా, నిన్ను నమ్మమని అందరికీ బోధించాను, కాని పదిహేనేళ్ల బిడ్డలను నమ్మలేకపోయాను. నేను చూడనిదే ఏదీ సవ్యంగా జరగదనే ఈ గర్వం నుండి నన్ను విడిపించు. ఆ బిడ్డలను నీకే అప్పగిస్తున్నాను" అని ఏడ్చాను.

మరునాడే ప్రతి లెక్కకూ జవాబు, చేసే వరుసతో సహా, రాయడం మొదలుపెట్టాను. "నిజంగనా బాపూ? నువ్వు జవాబులిస్తవా?" అని మేరీ విరగబడి నవ్వింది. నా నంబరు తీసివేయించి, మేరీ నంబరు పెట్టించి, డాక్టరు గారు చెప్పినట్టు నెలల తరబడి మౌనం పాటించాను. నా కృపగల తండ్రి ఆ గడ్డలను కరిగించాడు! నేను ముట్టకపోయినా పుస్తకం దానంతట అది అమ్ముడుపోతూ మా ఇల్లు గడుస్తున్నది.

మొన్న బీర్కూర్ నుండి ఒక అమ్మాయి మేరీకి ఫోను చేసింది. "అక్కా, సార్‌కు చెప్పుండ్రి, చివరి పాఠంల రెండో లెక్క జవాబు తప్పున్నది. నేను మూడుసార్లు చేసి చూసిన."

నేనూ చేసి చూశాను. తప్పు నాదే! నేను దిద్దుతూ కూర్చున్న రోజులలో ఏ బిడ్డా నా తప్పు చూపే ధైర్యం చేయలేదు. నేనే ఫోను తీసుకొని, తిరిగి వచ్చిన ఈ గొంతుతో ఆ బిడ్డకు వందనాలు చెప్పాను.

ప్రియులారా, మీరు పట్టుకొని వదలలేని భారం ఏదైనా ఉంటే నేడే ఆయన చేతిలో పెట్టండి. మీకంటే ఆయన చక్కగా చూసుకుంటాడు. ఘనతంతా ఆయనకే చెల్లును గాక!