వేపాకు కషాయం, వెండి మందు

కంబదూరు మండలంలో ఒక సర్కారు హైస్కూల్లో సైన్సు చెప్తాండా. నానో టెక్నాలజీని పిల్లల చేత ప్రయోగాలు చేయించి చెప్పొచ్చని మూడు రోజుల శిక్షణలో నేర్పించినారు. చిన్న సీసాలో సిల్వర్ నైట్రేట్ ఇచ్చి పంపినారు. దాన్ని నీళ్ళలో కరిగించి వేపాకు కషాయం పోస్తే, కంటికి ఆనని వెండి రేణువులు పుడతాయి. నీళ్ళ రంగు మారేదే గుర్తు.

తొమ్మిదో తరగతి ఆడపిల్లలు వేపాకు ఉడకబెట్టి వడగట్టినారు. డిస్టిల్డ్ వాటరే వాడాలని తెలిసినా, ఒకసారికి ఏమయితాదిలే అని బోరునీళ్ళలోనే మందు కలిపినాను. కలిపీ కలపకముందే గ్లాసు సున్నపునీళ్ళ మాదిరి తెల్లబడింది. మా నీళ్ళలో ఉప్పు అంత, వెండంతా దానికే పట్టుకోని పాడయిపోయింది.

మరుసటి వారం కళ్యాణదుర్గంలో బ్యాటరీల అంగట్లో డిస్టిల్డ్ వాటర్ కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకోని తెచ్చినాను. ఈసారి గ్లాసు పసుపుకు తిరిగి, మెల్లగా టీ డికాషను రంగుకొచ్చింది.

"తిరిగింది మేడమ్, తిరిగింది!"

ముందు బెంచీ పాప మాత్రం అరవలేదు. ఫ్లోరైడు నీళ్ళకు పళ్ళు గారబట్టి, నవ్వినా మాట్లాడినా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది.

"మేడమ్, దీన్ని మా ఊరి నీళ్ళలో పోస్తే బాగయితాయా? మా నాయనకు మోకాళ్ళు వంగవు."

"లేదమ్మా. వెండి క్రిములను చంపుతాది. ఫ్లోరైడును ఏమీ చేయలేదు."

"మరి ఇది ఎందుకు మేడమ్ మాకు?"

ఫ్లోరైడును పట్టుకునే నానో పొడి వేరే ఉండాదని, తెప్పించి మనమే చేసి చూద్దామని మాటిచ్చినాను. శిక్షణ ఇచ్చిన సార్లకు ఫోన్ మీద ఫోన్ చేసినాను. పొడి వచ్చేసరికి దసరా పోయింది, ఊడలు దిగి కాయ పట్టే కాలానికి వాన రాక శనక్కాయ చేన్లు ఎండిపోయినాయి. ముందు బెంచీ ఖాళీగా ఉండె.

ఆ పాప వాళ్ళింటికి పోతే తాళం. పక్కింటామె చెప్పింది: "బెంగళూరుకు పోయినారు మేడమ్. ఈడ ఏముండాదని? నాయనకు పని చేతకాదు. వాళ్ళమ్మా, ఆ పాపా కట్టడం పనికి పోతాండారు."

ఆమె దగ్గర నంబరు తీసుకోని ఆడనే ఫోన్ చేసినాను. పాపే ఎత్తింది.

"పొడి వచ్చిందా మేడమ్?"

"వచ్చిందమ్మా. నువ్వొస్తే చేద్దాం."

వెనక కాంక్రీటు మిషను తిరిగే చప్పుడు.

"మీరు చేసేయండి మేడమ్. ఈడ మాకు ట్యాంకరు నీళ్ళు. తియ్యగా ఉంటాయి."

మిగిలిన పిల్లలతో చేసినాను. నీళ్ళలో ఫ్లోరైడు తగ్గిందో లేదో తేల్చే కిట్టు మా దగ్గర లేదు. "అయిందా మేడమ్?" అని వాళ్ళు అడిగితే, తెలియదన్నాను. పోర్షన్ వెనకబడిందని హెడ్మాస్టరు ల్యాబ్ పీరియడ్లను లెక్కలకిచ్చేసినాడు. నేను అడ్డం చెప్పలేదు. చెప్పాలనే ఓపిక కూడా లేకపోయింది.