అక్కను గేటు బయటే ఆపారు

మా ఎదురింటి అక్క పోయిందని ఆమె కూతురు ఫోన్ చేసేసరికి నేను బడికి బయలుదేరుతున్నాను. ఏడుస్తూనే ఇంకో మాట చెప్పింది.

"మేడం, ఓనర్ సాబ్ అమ్మను ఇంటికి తేవద్దంటుండు. దవాఖాన నుంచి సీదా బొందలగడ్డకే తీస్కపొమ్మంటుండు. జర మీరు చెప్పి చూడుండ్రి."

వెళ్లి అడిగాను. ఆయన గేటు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇల్లు కిరాయికిచ్చిన, టీచరమ్మా, గిసొంటి పనులకు గాదు. రేపు ఇంకొకరు కిరాయికి రావాల్నా, వద్దా?"

తొమ్మిదేళ్లు ఆ గేటు ముందు ఊడ్చి నీళ్లు చల్లిన మనిషి ఆమె. శంషాబాద్‌లో ఇది మామూలే అన్నారు నలుగురూ. కిరాయికి ఉన్నవాళ్లు చావకూడదు, చచ్చినా కాసేపు సొంత గుమ్మంలో పడుకోకూడదు. ఎవరు పెట్టారండీ ఈ రూలు? నాకు ఇవాళ్టికీ ఒళ్లు మండుతోంది. ఆ మంటలోనే ఇది రాస్తున్నాను.

అక్కది మహేశ్వరం దగ్గర పల్లె. ఎయిర్‌పోర్టులో ఆడవాళ్ల బాత్రూములు శుభ్రం చేసేది. డ్యూటీ బస్సు దిగి, మా గోడ దగ్గర ఆగి "తిన్నరా?" అని అడగందే లోపలికి పోయేది కాదు.

ఆ ఇంటికొచ్చిన తొలి ఏడాది క్రిస్మస్‌కు గుమ్మం మీద కాగితం నక్షత్రం కట్టింది. ఓనర్ విప్పించాడు. నేను మేడ మీద నుంచి చూస్తూ నోరు మెదపలేదు. ఆ సిగ్గు నాది. పండగనాడు ఆమే గరిజెల డబ్బా పట్టుకొచ్చింది. మేం కజ్జికాయలంటామే, అవి. ఓనర్ ఇంటికీ ఒక డబ్బా ఇచ్చొచ్చిందట.

"కోపం రాలేదా అక్కా?"

"వచ్చింది. ఎందుకు రాదు? గని కోపమొచ్చిందని పండుగ ఆపుకుంటనా?"

ఆ రోజు చర్చి నుంచి వచ్చాక ఆమె తలుపు బార్లా తీసి, దాని ఎదురుగా చాప మీద ఊరికే కూర్చుంది. టీవీ లేదు, పాట లేదు. ఏం చేస్తున్నావని అడిగాను.

"గా తల్లి యాదికొస్తది. నిండు చూలాలు. ఊరుగాని ఊర్ల నొప్పులొస్తుంటె ఒక్కరు తలుపు తియ్యలే. అందరు పుట్టినాయనకు పాటలు పాడ్తరు. నేను జరసేపు ఆమెతోని కూసుంట."

నేనూ పక్కన కూర్చున్నాను. ఏళ్ల తరబడి పూజలు చేస్తున్న నాకు అలాంటి నెమ్మది అంతకు ముందు తెలియదు. ఆ తర్వాత ప్రతి ఏడూ వెళ్లాను.

ఒక క్రిస్మస్‌కు మాత్రం ఆమెకు సెలవివ్వలేదు. బాత్రూములో ఒక చంటిబిడ్డ తల్లి, బిడ్డను ఇంటి దగ్గర వదిలి గల్ఫ్‌కు ఇంటిపనికి పోతూ, పాలు పిండి పారబోసుకుంటూ ఏడుస్తోందట. అక్క తుడిచే కర్ర పక్కన పెట్టి, విమానానికి పిలిచేదాకా ఆమె చేయి పట్టుకుని కూర్చుంది. పని ఆపిందని కాంట్రాక్టరు మనిషి నలుగురిలో తిట్టి, మర్నాటి నుంచి పార్కింగ్ ఊడ్వడానికి వేశాడు. లోపల ఇంతెత్తు క్రిస్మస్ చెట్టు, దాని కింద రంగు కాగితాలు చుట్టిన ఖాళీ డబ్బాలు! వాటి ముందు ఫోటోలు దిగడానికి అందరికీ తీరికే. ఒక తల్లి పక్కన కూర్చుంటే తప్పు.

"గామె దగ్గర కూసున్న. గదే నా పండుగ" అంది అక్క. నాకే కోపం ఆగలేదు.

ఆ పొద్దున ఓనర్ గేటు దగ్గర నుంచి ఇంటికొచ్చి, అక్కను మనింటికి తెద్దామంటే మావారు తటపటాయించారు. "మనింట్లో పెట్టుకుంటే అమ్మ ఏమంటుందో..."

మడి తప్పని మా అత్తగారు వత్తులు చేసుకుంటున్నవారల్లా లేచారు.

"ఏటా ఆవిడ చేసిన కజ్జికాయలు తిన్నాంగా! ఇవాళ ఆవిడ అక్కర్లేకపోయిందా? గేటు తియ్యరా."

అక్కను మా వరండాలో పడుకోబెట్టాం. అత్తగారే ముఖం తుడిచి, తల దువ్వారు. ఎదురింటి పైవాటాలో ఉండే ఓనర్ కిటికీలు మూసుకున్నాడు. మూసుకోనీ.

సాయంత్రం మామిడిపల్లి వైపు బొందలగడ్డకు ఆమెతో పనిచేసే ఆడవాళ్లు డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చారు. ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరే గోతి అంచున వంగారు. వంగినప్పుడు మెడలోని ఐడీ కార్డులు ముందుకు ఊగుతుంటే, ఎడమచేత్తో వాటిని గుండెకు అదిమిపట్టి, కుడిచేత్తో మట్టి వేశారు.