మిషెల్ గారికి ఫ్రెంచి మర్యాద నేర్పిన రోజు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటినీ వరసలో నిలబెడితే, మా ఇంటి నుంచి మైళ్ల దూరంలో ఉన్న బ్లాంచర్డ్స్‌టౌన్ షాపింగ్ సెంటర్ దాకా క్యూ వస్తుంది. ఆ క్యూలో అందరికంటే ముందు ఛాతీ విరుచుకుని నిలబడేది మాత్రం ఒక ఫ్రెంచి బ్రేక్‌ఫాస్ట్. ఒక్క పూట ఫలహారంతో మనిషి తన అత్తగారి ముందు ఎంత చిన్నవాడైపోగలడో మీకు తెలియకపోతే, మీరు అదృష్టవంతులు. నాకు తెలుసు.

అది కోవిడ్ మొదటి ఏడాది. మా అత్తగారు రాజేశ్వరమ్మగారు రెండు నెలలు ఉండి వెళదామని తణుకు నుంచి ఈ పరాయి దేశానికి వచ్చి, విమానాలు ఆగిపోవడంతో మా ఇంట్లో చిక్కుకుపోయారు. వెళ్లడానికి గుడి లేదు, పలకరించడానికి మనిషి లేదు, చాలా రోజులు ఎండ కూడా లేదు. ఆవిడకి మిగిలిన సుఖం ఒక్కటే. పొద్దున్నే గ్లాసుడు టీ పట్టుకుని కిటికీ పక్కన కూర్చుని, అందులో రస్కో బన్నో ముంచుకుని నెమ్మదిగా తినడం.

నేనేమో వైద్య పరికరాల ప్లాంటులో క్వాలిటీ ఇంజినీరుని. తప్పులు పట్టడమే నా ఉద్యోగం. సగం రోజులు ఇంటి నుంచే పని కావడంతో, ప్లాంటులో మిగిలిపోయిన ఉత్సాహమంతా ఇంట్లోవాళ్ల మీద చూపించేవాణ్ణి.

మా పక్కింట్లో మిషెల్ గారని ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటారు. ఫ్రాన్సులో పుట్టి, ఇక్కడి స్కూల్లో ఫ్రెంచి పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఎండలు రాగానే ప్రభుత్వంవాళ్లు తోటల్లో దూరం దూరంగా కూర్చుని కలుసుకోవచ్చన్నారు. వెంటనే ఆవిడని ఒక ఆదివారం మా పెరట్లో ఫ్రెంచి బ్రేక్‌ఫాస్ట్‌కి పిలిచేశాను. మా ఆవిడ పద్మజ ఇడ్లీ పెడదామంది. నేను వినలేదు. పుట్టింటి రుచి తగిలి మిషెల్ గారు కళ్లు తుడుచుకోవాలి, ఆ కన్నీటికి కారణం నేను కావాలి. అదీ నా పథకం.

వారం రోజులు వీడియోలు చూసి క్రోసాంట్లనే పొరల బన్నులు చేశాను. పిండి మధ్య వెన్న పెట్టి, మడిచి, మళ్లీ మడిచి, నడుం పట్టేదాకా మడిచాను. ఓవెన్‌లోంచి వచ్చినవి ఎండిపోయిన పీతల్లా ఉన్నాయి. ఒకదాన్ని పద్మజ పెరటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టింది, అది చాలా బాగా పనిచేసింది కూడా. చివరికి బేకరీలో కొన్నవే వేడిచేసి, నేను చేసినట్టు ముఖం పెట్టి పళ్లెంలో సర్దాలని నిర్ణయించుకున్నాను.

ఇక మిగిలింది మా అత్తగారు. ఆవిడ చేతిలో క్రోసాంట్ పడితే అది నేరుగా టీలోకే దిగుతుందని నా భయం. అందుకని ఆ వారం మొదట్లోనే ఆవిడకి శిక్షణ మొదలుపెట్టాను. చిన్న ముక్క తుంచాలి, చప్పుడు లేకుండా నమలాలి, తర్వాత ఒక్క గుక్క తాగాలి.

"ముంచడం మాత్రం వద్దండీ అత్తయ్యగారూ. ఫ్రెంచివాళ్లు చాలా నాజూకు మనుషులు," అన్నాను.

ఆవిడ టీ గ్లాసు కాస్త దూరం జరిపి, "అలాగేనండి అల్లుడుగారూ," అన్నారు.

మర్నాటి నుంచి ఆవిడ రస్కులు పొడిగానే తినడం మొదలుపెట్టారు. రెండోరోజుకి సగం తిని వదిలేశారు. మూడోరోజు ఆకలిగా లేదన్నారు. పద్మజ నాతో మాట్లాడటం తగ్గించింది. నేను మాత్రం శిక్షణ ఫలిస్తోందని సంబరపడ్డాను.

ఆదివారం వచ్చింది. టేపు పెట్టి కొలిచి, రెండు మీటర్ల ఎడంగా రెండు బల్లలు వేశాను. మిషెల్ గారు మాస్కు పెట్టుకుని, సంచీలో తన గిన్నె తాను తెచ్చుకున్నారు. కోవిడ్ జాగ్రత్త కాబోలనుకున్నాను కానీ అంత పెద్ద గిన్నె ఎందుకో అర్థం కాలేదు. మనం చారు పోసుకునేంత ఉంది. ఆవిడ అందులో కాఫీ, వేడి పాలు నిండా పోసుకున్నారు. బ్రెడ్డు ముక్కకి వెన్న రాసి, జామ్ పూసి, కాఫీ మీదికి తెచ్చారు.

వారం రోజుల అలవాటు నా నోటిని ఆగనివ్వలేదు. "ప్లీజ్, ముంచకండి," అనేశాను.

ఆవిడ చెయ్యి గాల్లో ఆగిపోయింది. బ్రెడ్డు మీది జామ్ కాఫీలోకి జారింది. ఆవిడ నొచ్చుకోలేదు, చాలా సీరియస్‌గా అడిగారు.

"ఇది కూడా ఆపేశారా? కొత్త కోవిడ్ నిబంధనల్లో ఉందా?"

ఉందని చెప్పేద్దామా అని ఒక్క క్షణం ఆలోచించాను. నిజంగా ఆలోచించాను. ఈలోగా పద్మజ వారం కథంతా ఇంగ్లీషులో పూసగుచ్చినట్టు చెప్పేసింది, బేకరీ సంగతితో సహా. మిషెల్ గారు నవ్వీ నవ్వీ, దగ్గితే భయపడతామని పక్కకి తిరిగారు. వాళ్లింట్లో తాతల నాటి నుంచీ పొద్దున్న బ్రెడ్డు ముంచుకునే తింటారట. గిన్నె తెచ్చుకున్నదే అందుకట.

పద్మజ అదంతా వాళ్లమ్మకి తెలుగులో చెప్పింది. మా అత్తగారు గ్లాసు దగ్గరకి జరుపుకుని, క్రోసాంట్ తుంచి, టీలో నిండా ముంచి, కళ్లు మూసుకుని తిన్నారు. ముక్క మెత్తబడి తెగిపోతుంటే మిషెల్ గారు అవతలి బల్ల నుంచి రెండు వేళ్లు చూపించి, రెండు దాకా లెక్కపెట్టి తీసెయ్యమని సైగ చేశారు. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా ఇద్దరూ గంటన్నర కూర్చుని పళ్లెం ఖాళీ చేశారు. వచ్చిన మూడు నెలల్లో ఆవిడ అలా నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి. సిగ్గేసినా, చూస్తుంటేనే కడుపు నిండింది నాకు.

మిషెల్ గారు వెళ్లాక అత్తగారు నన్ను పిలిచారు.

"ఆవిడది ఏ ఊరన్నారు అల్లుడుగారూ?"

"ఫ్రాన్సులో లియోన్ పక్కన ఏదో పల్లెటూరండి."

"అయితే అక్కడా మనవాళ్లే ఉన్నారన్నమాట," అన్నారు.

ఆ క్షణమే ఒట్టు పెట్టుకున్నాను. ఎవరు ఏ కప్పులో ఏది ముంచినా, నా కాఫీలోనే తెచ్చి ముంచినా, ఈ జన్మలో నోరెత్తను.