కొట్టేసిన 'బై మై ఫాదర్'

మాదాపూర్‌లో మా ఆఫీసు లాబీలోని శిలాఫలకం మీద 'ఇనాగరేటెడ్ బై' అన్న అక్షరాలు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఈ భవనం లేస్తున్నప్పుడు మా నాన్న ఇక్కడ గోడలు కట్టే సుతారి. నేను ఏడో తరగతి. 'మా నాన్న ఈ బిల్డింగ్ కడుతున్నాడు' అన్న ఇంగ్లీషు వాక్యాన్ని అర్థం చెడకుండా పాసివ్ వాయిస్‌లోకి మార్చి, చివర 'బై మై ఫాదర్' అని రాశాను. టీచర్ ఆ మూడు మాటలూ ఎర్ర సిరాతో కొట్టేశారు.

"ఎవరు కడుతున్నారో అనవసరమమ్మా. తీసేసినా అర్థం మారదు."

సాయంత్రం నాన్నకు చదివి చెప్పాను. సిమెంటుకు పగిలిన వేలు ఆ ఎర్రగీత మీద పెట్టి, "మరి గిందుల నేనేడున్న బిడ్డా?" అన్నాడు.

కూలివాళ్ల పేరు రాయొద్దని ఇంగ్లీషు గ్రామర్లోనే ఉందని చాన్నాళ్లు నమ్మాను. అదే రూలైతే, రిబ్బన్ కత్తిరించినాయన పేరు ఎవరూ ఎందుకు కొట్టేయలేదు?