సుద్దముక్క భోజనం

ఆ వీధిలో ఇళ్లకు రంగులేసే మనిషిని చిన్నా పెద్దా అందరూ బ్రష్షు బాబాయి అనే పిలుస్తారు. ఏ గోడకు ఏ రంగు నప్పుతుందో గుమ్మంలో నిలబడే చెప్పేయగల ఘనుడు. అంతటివాడి కడుపున పుట్టిన రెండేళ్ల పిల్ల మాత్రం తెలుపు తప్ప మరో రంగును నోటి దరిదాపులకు రానివ్వదు. పాలు, పెరుగు, తెల్లన్నం, అంచులు తీసేసిన బ్రెడ్డు. క్యారెట్ ముక్క కనిపిస్తే చాలు, గిన్నె మొత్తాన్ని అవతలికి తోసేస్తుంది. అందుకే దానికి సుద్దముక్క అని పేరు పడింది.

నవ్వుకుని ఊరుకోవాల్సిన సంగతే. కానీ పిల్ల పాలిపోయింది, ఒంట్లో రక్తం తక్కువగా ఉందని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. సరిగ్గా అప్పుడే పిల్ల తల్లికి బట్టల కంపెనీలో కుట్టుపని దొరికింది. పెళ్లి కాకముందు నుంచీ ఆమె కలలుగన్న పని. సోమవారం చేరాలి.

"దీనికి నాలుగు కూరముక్కలు అలవాటు కాకపోతే నేను గడప దాటను. రానని చెప్పేస్తా," అంది మొగుడితో.

"నీకెందుకు, నాకొదిలెయ్. తెల్లరంగులో ఎరుపు ఒకేసారి గుమ్మరిస్తామా? చుక్క చుక్కగా కలపాలి," అన్నాడతను.

బీట్‌రూట్ ఉడికించిన నీళ్లు ఒక్క చుక్క పెరుగులో కలిపాడు. పిల్ల తినేసింది. మర్నాడు ఇంకో చుక్క. అదీ తినేసింది. మనవాడి కాళ్లు నేల మీద ఆగలేదు. ఆ ఊపులో చెంచాడు పోశాడు. పెరుగు గులాబీరంగుకు తిరిగింది. పిల్ల గిన్నె చూసింది, తండ్రి మొహం చూసింది, పెదవులు బిగించింది. అంతే, ఆ పూట నుంచి తెల్ల పెరుగు కూడా అతని చేత్తో పెడితే ముట్టలేదు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

చెమ్మ గోడకు పైపూత నిలవదని ఊరందరికీ చెప్పే మనిషి, ఇంట్లో ఆ పైపూతనే నమ్ముకున్నాడు పాపం. తన చేతిని చూసి కూతురు మొహం తిప్పుకుంటుంటే అతనికి ఏడుపొకటే తక్కువ.

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. భార్య పక్కనే ఫోన్ పెట్టుకుంది. తినగానే పనికి రానని కంపెనీకి చెప్పేస్తానంది. ఎంత దిగులున్నా అలవాటు అలవాటే. అతను కూరలోంచి బీట్‌రూట్ ముక్కలు ఏరి కంచం అంచున పెడుతున్నాడు.

"అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందట," అంది అతని తల్లి. "నీ కంచం ఒకసారి చూసుకోరా. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ పిల్ల చూస్తోంది దాన్నే."

చూసుకున్నాడు. అంచు పొడవునా ఎర్రముక్కలు. మోకాలి పక్కన కూతురు, కళ్లప్పగించి వాటినే చూస్తోంది. అతనికి సిగ్గేసింది. ఊపిరి బిగబట్టి ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. మొహం అష్టవంకర్లు పోయింది. పిల్ల కిలకిలా నవ్వింది.

తినమని దాన్ని ఎవరూ అడగలేదు. అదే చెయ్యి చాపి తండ్రి కంచంలోని ముక్క మీద వేలు పెట్టింది. ఎర్రబడిన వేలిని తన తెల్లన్నంలో అద్దింది. ఎవరూ కసరలేదు. ఇంకోసారి అద్దింది. తరువాత ముక్కనే తీసుకుని అన్నమంతా పులిమింది. ఎంతైనా రంగులాయన కూతురు కదా. ఒక మెతుకు నోట్లో పెట్టుకుంది, ఇంకొకటి పెట్టుకుంది, ఆపైన ముక్కనే కొరికింది. సగం ఉమ్మేసింది. సగం మింగింది.

చేతిలో మిగిలిన ముక్కను తండ్రి నోటి ముందుకు చాపింది.

"నానా, ఆ!"

పాపం, నోరు తెరవక తప్పుతుందా? కళ్లలో నీళ్లు తిరుగుతుంటే నమిలాడు. బీట్‌రూట్ వల్ల కొంత, సంతోషం వల్ల చాలా.

భార్య ఫోన్ తీసి అలమారలో పెట్టేసింది.

"అత్తయ్యా, రేపు నేను పనికెళ్తున్నా. సుద్దముక్క గురించి నాకు బెంగ లేదు. మీ అబ్బాయి తిన్నాడో లేదో కాస్త దగ్గరుండి చూసుకోండి."