కాఫీ కోసే చేతులకి ప్లాస్టిక్ గోళ్లు

అరకులో బ్యూటీ పార్లర్ పెట్టుకున్న దాన్ని కాబట్టి మనుషుల తొందర ఎన్ని రకాలో నాకు బాగా తెలుసు. కొండ మీదికి విశ్రాంతి కోసం వచ్చే జనానికి ఉన్నంత తొందర లోకంలో ఇంకెవరికీ ఉండదు. పొద్దున రైలు దిగుతారు, గుహలు చూసేస్తారు, బొంగులో చికెన్ తినేస్తారు, కాఫీ చెట్టు పక్కన ఫోటో దిగేస్తారు, చీకటి పడకుండా కొండ దిగిపోతారు. ఈమధ్య వీళ్లకి పెళ్లికి ముందు ఫోటోల వాళ్లు కూడా తోడయ్యారు. మంచు తెర విడిపోయేలోగా పెళ్లికూతురి పది వేళ్లకీ పొడుగు గోళ్లు అతికించి పంపాలి. ఆలస్యమైతే ఆ మంచుని నేనే తరిమేసినట్టు నా వైపు చూస్తారు.

తొందరపెట్టే వాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. విన్నవాళ్ల గోళ్లు బతుకుతాయి.

పెట్టుడు గోరు అంటే ప్లాస్టిక్ ముక్క. మేం టిప్ అంటాం. సొంత గోరు చివర జిగురుతో దాన్ని అంటించాక, ప్లాస్టిక్ ఎక్కడ మొదలైందో చెప్పే గీత ఒకటి మిగిలిపోతుంది. ఆ గీత కనపడకుండా కలిపెయ్యడమే అసలు పని. ఫోన్‌లో చూసి నేర్చుకున్న మహానుభావులకి ఇది మంచినీళ్లు తాగినంత సులువు. గోళ్లు అరగదీసే గరుకు ఫైల్ తీసుకుని కొబ్బరి కోరినట్టు కోరేస్తారు. గీత పోతుంది. దాంతో పాటు కింద దేవుడిచ్చిన గోరు సగం పోతుంది. పిల్ల ఇంటికెళ్లి వేడి నీళ్లలో చెయ్యి పెట్టి కెవ్వుమంటుంది. అప్పుడు అందరూ ఆ ప్లాస్టిక్‌ని తిడతారు.

నేనైతే టిప్ అంచుని అంటించకముందే, నా చేతిలో ఉండగానే, అరగదీసి పల్చన చేసుకుంటాను. సగం పని అక్కడే అయిపోతుంది. గోరుకి ఈ పక్క నుంచి ఆ పక్కకి సరిగ్గా సరిపోయే సైజు చూసుకుంటాను, ఎందుకంటే ఇరుకు టిప్ గోరుని పిండేస్తుంది. గాలి బుడగ లేకుండా మెల్లగా ఆన్చి నొక్కాలి. బుడగ ఉన్నచోట తడి చేరుతుంది, తడి చేరితే గోరు పచ్చబడుతుంది. ఆ తర్వాత మెత్తటి ఫైల్‌ని పడుకోబెట్టి పట్టుకుని, ప్లాస్టిక్ మీద మాత్రమే, తేలిగ్గా ఆడించాలి. వేలు వేడెక్కిందంటే ఆపెయ్యాలి. మరీ తొందరైతే ప్లాస్టిక్‌ని మెత్తబరిచే మందు ఉంది. సన్న కుంచెతో గీత మీద మాత్రమే రాసి, కాస్త ఆగి, నునుపు చేసే బఫర్‌తో రుద్దితే ఇట్టే కలిసిపోతుంది. కిటికీ తెరిచి ఉండాలి, ముక్కుకి మాస్క్ ఉండాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. మా వీధిలో ఇంకో పార్లర్ ఆవిడ టిప్పులు నానబెట్టి తీసే ఎసిటోన్ సీసా పక్కనే అగరొత్తులు వెలిగిస్తుంది. ముందు లక్ష్మీదేవి వస్తుందో ఫైరింజన్ వస్తుందో చూడాలి.

ఇక పోయిన పెళ్లిళ్ల సీజన్‌లో నా దగ్గరికి వచ్చిన తల్లీకూతుళ్ల సంగతి. కూతురు ఇక్కడే ఒక రిసార్టులో కౌంటర్ దగ్గర పని చేస్తుంది. సొంతూరు డుంబ్రిగుడ దాటాక కొండ మీద. పెళ్లికొడుకు కింద సాలూరు వైపు వాడు, ఉద్యోగస్తుడు. పెళ్లి అప్పటికే ఊళ్లో అయిపోయింది. వాళ్లు నా దగ్గరికి వచ్చిన మర్నాడు ఆ రిసార్టులోనే మధ్యాహ్నం రిసెప్షన్. తల్లి కాఫీ తోటల్లో పళ్లు కోస్తుంది, తోట పని లేనప్పుడు పసుపో చింతపండో ఏదో ఒకటి చేతిలో ఉంటుంది. కుర్చీలు ఖాళీగా ఉన్నా గుమ్మం పక్కన నేల మీద కూర్చుంది. కూర్చోమన్నందుకు ఇంకొంచెం గోడవైపు జరిగింది.

పెళ్లికూతురికి పెద్ద పనేం లేదు. రోజూ కంప్యూటర్ మీద కొట్టే చేతులు కాబట్టి గోళ్లు పొట్టిగా, శుభ్రంగా ఉన్నాయి. రంగు వేస్తే చాలంది. వేశాను. ఆరాక తల్లి వైపు చూపించింది.

"మేడం, టిప్పులు మా అమ్మకి పెట్టండి."

"అమ్మకా?"

"రేపు స్టేజీ మీద మా అత్తగారి పక్కన నిలబడాలి కదా. వాళ్లందరి చేతులూ ఎలా ఉంటాయో మీకు తెలీనిదేముంది. ఫోటోలు జూమ్ చేసి మరీ చూస్తారు." ఆ తర్వాత తల్లి వైపు తిరిగింది. వాళ్ల ఇంటి భాష వేరే. నాకూ వినపడాలనేమో తెలుగులోనే అంది. "గోళ్లు పెట్టించుకుంటే నా పక్కన నిలబడమ్మా. ఇష్టం లేకపోతే కింద కూర్చో, పర్లేదు."

ఎంత దయగల మాటో చూడండి, పర్లేదట. నేను ఫైల్ బల్ల మీద గట్టిగా పెట్టాను. ఆ పిల్లకి అర్థం కాలేదు. ఫోన్‌లో రేపటి చీర ఫోటో చూసుకుంటోంది.

"నీకిష్టమేనా అప్పా?" అని తల్లిని అడిగాను. మా వైపు అక్కని అలాగే పిలుస్తాం.

"ఇష్టవేటి సెల్లీ. గుంట పక్కన నిలబడాల కదా. బేగి పెట్టీ." గుంట అంటే ఆడపిల్ల, ఆవిడ కూతురే.

చేతులు తీసుకుని చూశాను. కాఫీ పళ్ల రసం గోళ్ల అంచుల్లోకి ఇంకిపోయి నల్లగా ఉంది. ఎంత కడిగినా పోయే నలుపు కాదది. కుడి బొటనవేలి గోరు నిలువునా చీలి ఉంది. దాని మీద టిప్ పెట్టనన్నాను. చీలిన గోరు మీద ప్లాస్టిక్ బరువు వేస్తే ఉన్నది కూడా ఊడుతుంది. "ఒక్కదానికి ఏమవుద్ది మేడం, సరిగ్గా కనపడదు కదా," అంది పెళ్లికూతురు. ఆ ఒక్కటీ కొంగులో దాచుకోమన్నాను. ఇంకా వాదించబోయి, నా మొహం చూసి ఊరుకుంది.

నా పెట్టెలో ఉన్న టిప్పులన్నీ పని చెయ్యని వేళ్ల కొలతతో తయారైనవే. అన్నిటికంటే వెడల్పువి ఏరాను. అవీ ఏ వేలికీ అచ్చంగా కుదరలేదు. పక్కలు కాస్త చెక్కి, కొంచెం పెద్దవే సరిపెట్టాను. గోళ్లు గట్టిగా, గీతలు గీతలుగా ఉన్నాయి. ఆ గీతల్ని చదును చేస్తే పని సుఖంగా సాగుతుంది, కానీ ఆ గోరు మళ్లీ ఎదిగేదాకా రోజూ తోటలో పడే బాధ ఆవిడది. అందుకని ప్లాస్టిక్ మీదే తంటాలు పడ్డాను. పెళ్లికూతురు గడియారం చూసింది. తల్లి మాత్రం కదలకుండా కూర్చుంది. మధ్యలో ఒక్కసారి అడిగింది.

"ఇయ్యి పెట్టుకుని అన్నం ఎలగ తింతారు?"

"స్పూనుతో."

పొద్దున చెంబు పట్టుకెళ్లినప్పుడు ఎలాగని ఇంకొకటి కూడా అడిగింది. పెళ్లికూతురు సిగ్గుతో చచ్చిపోయింది. మా పార్లర్ల పెద్ద మనుషులు, పొడుగు గోళ్ల అందచందాల గురించి గంటలకొద్దీ మాట్లాడేవాళ్లు, ఆ ప్రశ్నకి సమాధానం చెప్పగా నేనెప్పుడూ వినలేదు.

అయ్యాక వెలుతురులో తిప్పి చూశాను. గీత లేదు. లేత గులాబీ గోళ్లు, ఆ నల్లటి వేళ్ల చివర. నా పని మీద నాకు గర్వం, ఎందుకు చేశానా అని చిరాకు, రెండూ కలిగాయి. వెళ్లేముందు గట్టిగా చెప్పాను. "లాక్కోకు అప్పా. లాగితే నీ గోరు పొర కూడా ఊడొచ్చేస్తుంది. రిసెప్షన్ అయ్యాక వచ్చీ, మందులో నానబెట్టి తీస్తాను." సరేనని తలూపింది. రెండు చేతులూ ఒంటికి దూరంగా పట్టుకుని మెట్లు దిగింది, ఎవరివో చేతులు కాసేపు చూస్తుండమని ఇచ్చి వెళ్లినట్టు.

మర్నాడు రిసెప్షన్‌లో నేనూ ఉన్నాను. పెళ్లికూతురి మొహం చెమటకి కారకుండా కాపలా కాయడం నా ఉద్యోగం. రిసార్టు పచ్చిక మీద స్టేజీ వేశారు. పెళ్లికొడుకు మేనత్తలు ఎక్కారు. మేనత్తల తోటికోడళ్లు ఎక్కారు. ఎవరికి ఏమవుతారో వాళ్లకే తెలియని వాళ్లు కూడా ఎక్కి, పెళ్లికూతురి భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగారు. తల్లి పూలకుండీల పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో, గోళ్లు పైకి కనపడేలా. పిలుస్తారని ఎదురుచూస్తోంది. కూతురు రెండు మూడు సార్లు అటు చూసింది. చూసి, మళ్లీ కెమెరా వైపు నవ్వింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఫోటోగ్రాఫర్ దగ్గరికెళ్లి, పెళ్లికూతురి తల్లి కింద ఉందయ్యా అన్నాను.

"గ్రూప్ ఫోటోలో పిలుస్తాం మేడం."

ఆ గ్రూప్ ఫోటో భోజనాల గోలలో కొట్టుకుపోయింది. పన్నీరు ఎటువైపు, బిర్యానీ ఎటువైపు అన్నది అక్కడ ముఖ్యమైన విషయం. తల్లి తిండికి లేవలేదు. లేచినప్పుడు పిలిస్తే ఎలా అనుకుందో, స్పూను గుర్తొచ్చిందో తెలియదు.

భోజనాల తర్వాత థింసా. రిసార్టు ప్యాకేజీలో ఐస్‌క్రీముతో పాటు అది కూడా వస్తుంది. ఒకే రంగు చీరలు కట్టిన ఆడవాళ్లు వరసగా నిలబడ్డారు, డప్పులు మొదలయ్యాయి. పెళ్లికొడుకు వైపు వాళ్లందరూ ఫోన్లు తీశారు. "మీ ట్రైబల్ డ్యాన్సే కదమ్మా, నువ్వూ వెయ్యి, వీడియో బాగుంటాది," అని అత్తగారి చెల్లెలు పెళ్లికూతుర్ని స్టేజీ మీంచి దింపింది. ఆ పిల్ల హీల్స్ విప్పి గడ్డిలో పెట్టి, వరస చివర చేరింది.

థింసాలో పట్టు గట్టిది. నడుముల వెనక నుంచి చేతులు వేసుకుని, వేళ్లలో వేళ్లు దూర్చి బిగిస్తారు. పెళ్లికూతురి కుడి చెయ్యి పక్కావిడ పట్టుకుంది. ఎడమ చెయ్యి పట్టుకునే వాళ్లు లేరు. మొదట నవ్వుతూ వేసింది, ఫోన్ల కోసం. అడుగులు కుదిరాక ఆ నవ్వు పోయింది. తల వంచుకుని నిజంగానే ఆడుతోంది. వరస తిరుగుతూ తిరుగుతూ పూలకుండీల దగ్గరికి వచ్చింది. అక్కడ ఆ పిల్ల తల్లి వైపు చూసి, ఖాళీగా ఉన్న చెయ్యి చాపింది. వాళ్ల ఇంటి భాషలో ఏదో అంది.

తల్లి లేచింది. కుడి చేతి వేళ్లు చూసుకుంది. నేను అటు పరిగెత్తేలోపే వాటిని నోట్లో పెట్టుకుని, ఒక్కొక్క టిప్పూ పళ్లతో పట్టి పీకేసింది. "అప్పా, లాక్కోకు!" అని నేను అరిచిన అరుపు డప్పుల్లో కలిసిపోయింది. ప్లాస్టిక్‌ని గడ్డిలోకి ఉమ్మేసి, వెళ్లి కూతురి వేళ్లలో తన వేళ్లు దూర్చి బిగించింది. డప్పులు ఆగేదాకా ఇద్దరూ ఆ పట్టు వదల్లేదు. ఫోటోగ్రాఫర్ అప్పుడు పరిగెత్తుకొచ్చాడు. వీడియో చాలా బాగా వచ్చిందట, అందరూ చెప్పుకున్నారు.

తర్వాతి రోజు ఎడమ చేతి గోళ్లు తీయించుకోవడానికి ఆవిడ ఒక్కతే వచ్చింది. ఈసారి కుర్చీలో కూర్చుంది. దూది మందులో తడిపి ఎడమ వేళ్లకి చుట్టి, కుడి చెయ్యి చూశాను. గోళ్లు తెల్లగా పొరలు లేచిపోయి ఉన్నాయి, ఒకదాని అంచున నెత్తురు గడ్డకట్టింది. ఆ చేత్తో మళ్లీ తోటలోకి వెళ్లాలి. నాకు కోపం ఆగలేదు.

"ఎన్నిసార్లు చెప్పాను అప్పా? నేనక్కడే ఉన్నాను, మందు సీసా నా బ్యాగులోనే ఉంది. పోనీ ఆ గోళ్లతోనే పట్టుకోవాల్సింది."

"గుంట సేతికి గుచ్చుకోదేటి?"

"అయితే నన్ను పిలవాల్సింది. కాసేపు నానబెడితే నొప్పి లేకుండా అవే ఊడొచ్చేవి."

ఆవిడ పొరలు లేచిన తన వేళ్ల వైపు చూసుకుని, నాకు నచ్చజెబుతున్నట్టు మెల్లగా అంది.

"నువ్వు నానబెట్టీ దాకా గుంట సెయ్యి సాపుకునే ఉంటాదేటి సెల్లీ?"