సర్వర్ గదికి తాళం వేసిన మేట్రనమ్మ

మా మేట్రనమ్మ ఇక లేదని నిన్న పొద్దున వార్డు సిస్టర్ ఫోన్ చేసి చెప్పింది. "ఇంక మనల్ని ఎవులు తిడతారే?" అని ఏడ్చేసింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆవిడ మీద నాకు మొదటి నుంచీ కోపమే ఎక్కువ. ప్రేమ తర్వాతెప్పుడో దాని వెనకాల వచ్చింది.

కొత్తవలస దగ్గర మా మిషన్ ఆసుపత్రిలో నేను కంప్యూటర్లు చూసుకునేదాన్ని. ఆవిడ నర్సులందరికీ పెద్ద. పొద్దుటి ప్రార్థనలో పాస్టరుగారు దేశదేశాలన్నీ చుట్టి వస్తే, ఆవిడ తన వంతు రాగానే "పెబువా, అందర్నీ ఇంటికి పంపు, ఆమేన్" అనేసి చెప్పులు వేసుకుని వార్డుకు వెళ్ళిపోయేది. కొత్త డాక్టర్లు గాభరాపడి రెండు మందులు ఒకేసారి మార్చబోతే ఊరుకునేది కాదు. "ఒకటి మార్సండి బాబూ, ఆగండి, సూడండి. రెండూ మార్సీస్తే ఏది పనిసేసిందో ఎవులికి తెలుస్తాది?" అనేది.

ఆవిడ ఎలాంటి మనిషో మీకు తెలియాలంటే ఒక్క పూట సంగతి చెబితే చాలు.

ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చిన మర్నాడు, ఏ వార్డులో కంప్యూటర్ తెరిచినా "సర్వీస్ అందుబాటులో లేదు" అన్న ముక్కే వస్తోంది. డిశ్చార్జి చీటీ రాదు. ప్రింటయిన చీటీ లేనిదే గేటు దాటనివ్వరు, అది మేనేజరుగారి రూలు. ప్రసూతి వార్డులో అరకు వైపు నుంచి వచ్చిన బాలింత ఒకతె మూట సర్దుకుని కూర్చుంది. ఊళ్ళో ఆమె తండ్రి ఆఖరి స్థితిలో ఉన్నాడట, మనవణ్ణి చూడాలని ప్రాణం బిగబట్టుకున్నాడట. అటు వెళ్ళే రైలు రోజుకు ఒక్కటే, అదీ ఇంకాసేపట్లో వచ్చేస్తుంది.

ఈ మాట ఆ బాలింత వాళ్ళమ్మ సర్వర్ గదికి వచ్చి, నా బల్ల పక్కన నిలబడి చెప్పింది. ఇంకో పక్క మేనేజరుగారు, వెనక బిల్లింగ్ వాళ్ళు. ఒకరు రీస్టార్ట్ చెయ్యమంటే చేశాను. ఒకరు పోర్టు మార్చమంటే మార్చాను. కాపలాగా ఉండే ఫైర్‌వాల్ తీసెయ్యమంటే అదీ తీసేశాను. ఎవరేం చెబితే అది నొక్కేస్తున్నాను.

మేట్రనమ్మ వచ్చి నా వాలకం చూసింది. "అందరూ నడవండి బయిటికి" అని మేనేజరుగారితో సహా అందర్నీ పంపేసి, తనూ వెళ్ళి, బయటి నుంచి తాళం వేసేసింది.

తలుపు బాదాను. "తియ్యమ్మా! ఆ పిల్లకి రైలెల్లిపోతాది!"

"నువ్వు పని సూడవే. నానిక్కడే కూకున్నాను. ఎవుల్నీ రానివ్వను."

కిటికీ లేని గది. ఏసీ హోరు. అవతల ఆవిడ స్టూలు కిర్రుమంటోంది. ఆవిణ్ణి నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. తిట్టడం అయిపోయాక వేరే దారి లేక, మార్చినవన్నీ ఒక్కొక్కటిగా వెనక్కి మార్చాను. ఒకటి మార్చడం, ఆగడం, చూడడం. అప్పటికి గానీ, తప్పులన్నీ నమోదయ్యే ఎర్రర్ లాగ్ చదివే తీరిక దొరకలేదు. వార్డుల్లో ఏది నొక్కినా అది ముందు ప్రాక్సీ అనే మధ్యవర్తికి వస్తుంది, ప్రాక్సీ దాన్ని వెనకున్న సాఫ్ట్‌వేర్‌కు అందిస్తుంది. అప్‌గ్రేడ్‌తో ఆ సాఫ్ట్‌వేర్ 8080 నంబరు పోర్టు, అంటే తన పాత గుమ్మం, వదిలి 8090కి మారిపోయింది. ప్రాక్సీ మాత్రం ఇంకా 8080కే పంపుతోంది, అక్కడ తీసుకునే దిక్కు లేదు. ఒక్క అంకె మార్చి రీలోడ్ చేశాను. పేజీ తెరుచుకుంది.

బాలింత చీటీ ప్రింట్ తీసి మళ్ళీ తలుపు బాదాను. ఆవిడ తాళం తీయగానే ప్రసూతి వార్డుకు పరుగెత్తాను. మంచం ఖాళీ. ఆయా దుప్పటి మారుస్తోంది.

"ఆలెప్పుడో ఎల్లిపోనారు కదమ్మా! నీకు తాళమేసినాక మేట్రనమ్మ ఆ స్టూలు మీదే కూకుని సేత్తో సీటీ రాసీసింది. జీపెక్కించి టేసనుకి పంపించీసింది. ఆల్లని రైలెక్కించి జీపు తిరిగొచ్చీసింది కూడాను."

ఒళ్ళు మండిపోయి వెనక్కి వచ్చాను. ఆవిడ ఇంకా స్టూలు మీదే ఉంది. చేత్తో రాసి పంపినందుకు మేనేజరుగారు అప్పుడే మెమో ఇచ్చి వెళ్ళారట, అది ఒళ్ళో పడి ఉంది.

"నాకో ముక్క సెప్పొచ్చు కదమ్మా! లోపల సచ్చిపోనాను."

"సెప్తే ఏటి సేద్దువు? హమ్మయ్యని కూకుందువు. వార్డులో ఇంకెంతమంది తల్లులున్నారో సూసినావా? ఆల్లకి ఇల్లు లేదేటే?"

ఆ పూట ఆవిడ నన్ను లోపల పెట్టకపోతే ఆ ఉద్యోగంలోనే కాదు, ఏ ఉద్యోగంలోనూ నిలబడేదాన్ని కాదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఏడుపొచ్చింది.

"సాల్లే, సెయ్యియ్యి. కాల్లు పట్టీసినాయి" అంది.

చెయ్యి అందించాను. బరువైన మనిషి. మెల్లగా లేచి నా భుజం పట్టుకుంది. ఒక్కో అడుగుకీ మూలుగుతూ, ఆ బరువంతా నా మీదే వేసి, వార్డు దాకా నడిచింది.